ఒక సీటా, రెండు సీట్లా: బీవర్ లేక్ ప్రయాణం

మేము ఆర్కెన్సా వెళ్ళి వచ్చి నెల దాటింది. ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి కాఫీ దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటున్నారు. "ఆంటీ, కయాక్ ఫిషింగ్‌కి వెళ్ళారట కదా, ఏ కయాక్ కొనమంటారు?" అని. జీవితమంతా ల్యాబ్‌లో మైక్రోస్కోపులోకి చూస్తూ గడిపి రిటైరైన మనిషిని. నన్ను పట్టుకుని చేపల వేట గురించి అడగడం విడ్డూరం కాకపోతే ఏమిటి? నాకు తెలిసింది నాలుగు ముక్కలు. అవి ఎలా తెలిశాయో చెప్పకుండా ఊరికే చెబితే మీకూ ఉపయోగపడవు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళు చదువుకోండి. వెళ్ళనివాళ్ళు కూడా చదవండి, ఖర్చేం లేదు.

ఇర్వింగ్: బేరం

మా ఆయన పేరు కృపారావు. రేపల్లె దగ్గర పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, ఇక్కడికొచ్చి రిటైరయ్యేదాకా సర్జన్‌గా చేశారు. కొన్నేళ్ళుగా ఆయనకు గ్లాకోమా. ఈ జబ్బు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట: ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కల నుంచి చూపు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. మా ఆయన ఇప్పటికీ గాలం ముడి నాకంటే చక్కగా వేస్తారు. పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం గుద్దేస్తారు. గుద్దేసి, "అలా అడ్డంగా నిలబడితే ఎలా?" అని వాళ్ళమీదే విసుక్కుంటారు.

ఆపరేషన్లు ఎవరూ చెప్పకముందే ఆయనే మానేశారు. కారు నేను మాన్పించాను. ఇక మిగిలింది కయాక్. ఆ సన్నటి ప్లాస్టిక్ పడవలో ఒక్కరే కూర్చుని, తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, బాస్ చేపలు పట్టి, వాటిని మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి, ఎండకు కమిలిన ముఖంతో ఇంటికి రావడం ఆయనకు పదిహేనేళ్ళ అలవాటు. కారు మానేశాక కూడా నన్ను తీసుకెళ్ళి దింపమని, తను మాత్రం ఒక్కరే నీళ్ళలోకి వెళ్ళేవారు. నేను ఒడ్డున కారులో కూర్చుని ప్రార్థన చేసుకునేదాన్ని. ఈ ఏడాది ఆ పాత కయాక్ అడుగు పగిలింది. హమ్మయ్య అనుకున్నాను. నా ఆనందం రెండు రోజులు కూడా నిలవలేదు.

"కొత్తది కొంటాను. ఒక సీటుది, కాళ్ళతో పెడల్ తొక్కేది. చేతులు రెండూ ఫ్రీగా ఉంటాయి" అన్నారు.

"కొంటే రెండు సీట్లది కొనండి, వెనక నేను కూర్చుంటాను. లేదంటే మొత్తానికే మానేయండి" అన్నాను.

"నీకు చేపల వాసనే పడదు కదే."

"వాసన సంగతి కాదండీ. ఏదో ఒక రోజు మీరు తిరిగి ఒడ్డుకి రారేమోనని నా భయం."

 వారం రోజులు ఇంట్లో ఇదే రభస. చివరికి బేరం కుదిరింది. ఆర్కెన్సాలోని బెంటన్‌విల్‌లో, మా ఆయన దగ్గర కయాక్ నేర్చుకున్న మౌనిక దగ్గర రెండు రకాల కయాక్‌లూ ఉన్నాయి. బీవర్ లేక్‌లో మూడు రోజులు పెడల్ పడవ నడిపి చూడాలి. ఏ తేడా రాకపోతే ఆయన మాట, వస్తే నా మాట. పిల్లలకి ఈ గొడవ చెప్పలేదు. చెబితే ఇద్దరినీ కలిపి తిడతారు.

ఓక్లహోమా: క్యాట్‌ఫిష్ ప్లేటు

ఏప్రిల్ చివర. రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలోకి వచ్చాక రోడ్డుకి రెండు వైపులా పచ్చగా ఉంది. డ్రైవింగ్ నాదే. ఆయన పక్క సీట్లో కూర్చుని ఎప్పటిలాగే నాకు లేన్లు నేర్పుతున్నారు. నా కుడి పక్కన ట్రక్కు వస్తున్న సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. సరేలెండి అని ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఒక చిన్న ఊరిలో ఆగాం. ఇంట్లోంచి పులిహోర, పెరుగన్నం తెచ్చాను గానీ ఆయనకు వేయించిన క్యాట్‌ఫిష్ కావాలన్నారు. ప్లేటు పదహారు డాలర్లు. మూడు పెద్ద ముక్కలు, క్యాబేజీ సలాడ్, హష్ పప్పీలనే మొక్కజొన్న పిండి ఉండలు. మన గారెకి చుట్టం అనిపించింది, కాకపోతే ఉప్పూ కారం మర్చిపోయిన చుట్టం. నేను బ్యాగులోంచి ఆవకాయ సీసా తీశాను. వడ్డించే ఆవిడ, నా వయసుదే, "అదేంటి హనీ?" అని అడిగి, వేలి కొసకి రాసుకుని నాకి, గ్లాసెడు నీళ్ళు తాగి, ఇంకొంచెం పెట్టమంది. మంచి మనిషి.

పక్క బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న పెద్దాయన మా కారు మీద ఉన్న తెడ్లను కిటికీలోంచి చూశాడు. "బాస్ కోసమేనా?" అని అడిగాడు. అంతే, ఇద్దరూ అరగంట పురుగుల రంగుల గురించి మాట్లాడుకున్నారు. నిజం పురుగులు కావు, మెత్తటి ప్లాస్టిక్‌వి. నీళ్ళు తేటగా ఉంటే పచ్చ, గోధుమ లాంటి మామూలు రంగులు, బురదగా ఉంటే నలుపు, ముదురు నీలం. సరుగులో వంద రంగులు పోగుచేసుకోనక్కర్లేదు, నాలుగు చాలని ఆ పెద్దాయన మాట. మా ఇంట్లో వందకి తక్కువ లేవు.

ఆ మాటల సంబరంలో మా ఆయన చెయ్యి ఊపారు. ఎడమ పక్కనున్న ఐస్ టీ గ్లాసు ఎగిరి కింద పడింది. వడ్డించే ఆవిడ వచ్చి తుడిచి, ఇంకో గ్లాసు తెచ్చి, ఎడమ పక్కన కాకుండా సరిగ్గా ఆయన ముక్కుకి ఎదురుగా పెట్టి వెళ్ళింది. ఆయన గమనించారు. మిగిలిన చేప తినలేదు.

బెంటన్‌విల్: మౌనిక గరాజ్

మౌనికది కరీంనగర్. ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ కింద పోర్షన్‌లో రెండేళ్ళు ఉంది. అప్పుడే మా ఆయన దగ్గర కయాక్ నేర్చుకుంది. ఇప్పుడు ఇక్కడి పెద్ద రిటైల్ కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, శనివారాలు కయాక్ ఫిషింగ్ పోటీలు. వాళ్ళాయన ఆ వారం పని మీద డెన్వర్‌లో ఉన్నాడు. గుమ్మంలోనే మా ఆయన కాళ్ళకి దండం పెట్టబోయింది. మా ఇంట్లో ఆ అలవాటు లేదని తెలిసి కూడా.

"అంకుల్, మంచిగున్నరా? ఎన్ని దినాలైంది మిమ్మల్ని చూసి! రాండ్రి, ముందుగాల గరాజ్ చూద్దురు గాని."

గరాజ్‌లో కారుకి చోటు లేదు. మూడు కయాక్‌లు, గోడ నిండా గాలం రాడ్లు. కొనేవాళ్ళ కోసం మౌనిక ఆ సాయంత్రం చెప్పినవి రాస్తాను. ఇవి మా ఆయన కూడా తల ఊపి ఒప్పుకున్నవే.

మొదటి సంగతి, పైన కూర్చునే రకం కొనండి, లోపల కాళ్ళు దూర్చే రకం వద్దు. బోల్తా పడితే మళ్ళీ ఎక్కడం సులువు. సన్నటిది వేగంగా పోతుంది, వెడల్పుది నిలకడగా ఉంటుంది. చేపల కోసం వెళ్ళేవాళ్ళకి నిలకడే ముఖ్యం. "కొట్ల చూస్తే అన్నీ మంచిగనే కనబడ్తయ్ ఆంటీ. మీ కార్ మీదికి మీరు లేపగల్గుతరా లేదా, అది చూడాలె. నా ఫస్ట్ కయాక్ ఎంత హెవీ అంటే, నీళ్ళల్ల కన్నా గరాజ్‌లనే ఎక్కువున్నది" అంది మౌనిక.

పెడల్ ఉన్నవాటికి తెడ్డువాటికంటే రెండింతలు, మూడింతలు ధర. చేతులకు శ్రమ లేదన్నది నిజమే. కానీ పడవ అడుగున తిరిగే రెక్కలు ఉంటాయి. లోతు తక్కువ ఉన్నచోట, మునిగిన చెట్ల మోడులు ఉన్నచోట అవి తగులుకుంటాయి. ఇక రాడ్లు. కొత్తవాళ్ళు ఐదారు మోసుకెళ్ళి చిక్కుముడులు విప్పుకుంటూ పొద్దు గడుపుతారు. రెండు చాలు. మొదటిది స్పిన్నింగ్ రీల్ అనే దారం చుట్టే చక్రంతో కొనుక్కోండి, దారం చిక్కుపడదు. చిన్న లంగరు కొంటే దాన్ని పడవ ముందుకో వెనక్కో కట్టండి, పక్కకి కడితే గాలికి పడవ తిరగబడుతుంది. తెడ్డుకి తాడు కట్టుకోండి. విజిల్ జాకెట్‌కి తగిలించుకోండి, సంచిలో కాదు.

"అంకుల్, మీ లైఫ్ జాకెట్ తెచ్చుకున్నరా? నాయి ఎక్స్‌ట్రా ఉన్నయ్" అని అడిగింది.

"కొత్తది తెచ్చాం" అన్నాను నేను గొప్పగా. ఆ జాకెట్ నేనే కొన్నాను. బాగా పెద్ద సైజు. మనం కొనే పద్ధతి మీకు తెలుసు కదా. కుక్కర్ కొంటే చుట్టాలొస్తే సరిపోయేది కొంటాం, పిల్లల కోటు కొంటే వచ్చే ఏడాదికీ పనికొచ్చేది కొంటాం. జాకెట్ అయితే మా ఆయనకీ, మా అల్లుడికీ, ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్ళకీ సరిపోవాలని తీసుకున్నాను. పట్టీలు బిగించుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను.

సరస్సు: మొదటి రోజు

దారిలో ఎరల కొట్టులో ఇద్దరికీ లైసెన్సులు తీసుకున్నాం. బయట రాష్ట్రం వాళ్ళకి తక్కువ రోజుల లైసెన్సు ఇస్తారు. నేను గాలం వేయనంటే మౌనిక ఊరుకోలేదు. "పడవల కూసున్నంక ఊకే ఎట్లుంటరు ఆంటీ?" అంది.

బీవర్ లేక్ ఒక నదికి ఆనకట్ట కట్టడం వల్ల ఏర్పడింది. కొండల మధ్య నుంచి వేళ్ళు చాపినట్టు నీళ్ళు లోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి. ఒడ్డున డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే లోపలి రాళ్ళు కనబడుతున్నాయి. ఏప్రిల్ ఎండ తగిలినా నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు గాలిని చూసి కాదు, నీళ్ళ చలిని చూసి బట్టలు వేసుకోండి.

ఒడ్డున నిలబడి మా ఆయన చిన్న ప్రార్థన చేశారు. మౌనిక కూడా చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఆయన పెడల్ కయాక్ ఎక్కారు. నేనూ మౌనికా రెండు సీట్లదానిలో కూర్చున్నాం.

ఒప్పుకోవాలి, ఆ రోజు ఆయన ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. వసంతంలో బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ ఉన్న ఒడ్డులకి వస్తాయి. ఆయన ఒక రాతి ఒడ్డు వెంబడి మెల్లగా తొక్కుకుంటూ, గాలం వేసి, ఆగి, దారాన్ని వేళ్ళతో పట్టుకుని కూర్చున్నారు. చేప కొరికితే లాగినట్టు ఉండదట, దారం ఉన్నట్టుండి బరువెక్కుతుందట. మూడోసారో నాలుగోసారో వేశాక రాడ్ వంగింది. చేప నీళ్ళలోంచి పైకి ఎగిరి తల విదిలించింది. ఆయన రాడ్ కిందికి దించి, దాన్ని అలసిపోనిచ్చి, వలలోకి తీశారు. పచ్చటి ఒళ్ళు, పెద్ద నోరు. నాకు చూపించి, కింది పెదవి పట్టుకుని, నీళ్ళలోకి వదిలేశారు.

"అదేంటండీ, చక్కటి చేపని!" అని అరిచాను. మా రేపల్లె వైపు ఎవరైనా ఇలా చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు.

"గుడ్లు పెట్టే టైమ్ సుగుణా. దాన్ని పట్టుకుంటే వచ్చే ఏడాదికి ఏముంటుంది?" అన్నారు. ఆ నవ్వు ఆయన ముఖంలో చూసి ఎన్నాళ్ళయిందో. నేను బేరం ఓడిపోతున్నానని అనిపించింది. ఓడిపోయినా ఫర్వాలేదనీ అనిపించింది.

సరస్సు: రెండో రోజు

మబ్బు పట్టి ఉంది. ముందు రోజు ధైర్యంతో మౌనిక ఇంకొంచెం లోపలికి, మునిగిపోయిన చెట్ల మోడులున్న పాయలోకి తీసుకెళ్ళింది. బాస్ అలాంటి నీడలోనే దాక్కుంటుంది. మా రెండు పడవలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

ఆయన కుడి వైపు ఒక మోడు పక్కన గాలం వేశారు. చేప పడింది. దాని మీదే చూపు పెట్టి, పెడల్ తొక్కుతూ ఎడమకి తిరిగారు. ఎడమ పక్కన, నీళ్ళపైకి జానెడు కనబడుతూ ఇంకో మోడు ఉంది. నాకు కనబడుతోంది. "ఏమండీ, ఎడమ పక్కన!" అని అరిచాను. ఆయన తల తిప్పి వెతికేలోపు కయాక్ దాని మీదికెక్కి ఒరిగింది. ఆయన నీళ్ళలో పడ్డారు.

లైఫ్ జాకెట్ పైకి తేలింది. మనిషి తేలలేదు. వదులు జాకెట్ భుజాల మీంచి పైకి లేచి ముఖం కప్పేసింది, ఆయన చేతులు రెండూ పైకి వచ్చేశాయి. "అంకుల్!" అని మౌనిక తెడ్డు వదిలేసి, ముందుకి వంగి జాకెట్ పట్టుకుని లాగింది. జాకెట్ ఖాళీగా ఆమె చేతిలోకి వచ్చింది.  నోట్లోంచి "ప్రభువా" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు.

మౌనిక మళ్ళీ నీళ్ళలోకి చెయ్యి దూర్చి ఈసారి చొక్కా కాలర్ దొరకబుచ్చుకుంది. ఆయన పైకి వచ్చి, ఉక్కిరిబిక్కిరై, నీళ్ళు కక్కుతూ మా పడవ అంచు పట్టుకున్నారు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను, ఒడ్డుకి చేరేదాకా వదల్లేదు. మౌనిక ఒక్కతే తెడ్డు వేసింది. ఒడ్డు దగ్గరే కాబట్టి బతికిపోయాం. ఆయన కయాక్‌ని ఆమె తర్వాత వెళ్ళి లాక్కొచ్చింది.

ఒడ్డున దుప్పటి కప్పి కూర్చోబెడితే ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను ఏడుస్తూనే తిట్టాను. మౌనిక తన జాకెట్ ఒకటి ఆయనకి తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూపించింది. గడ్డం దాకా రాలేదు. "గిట్లుండాలె" అంది. మీ అందరికీ నేను చెప్పే మాట ఇదొక్కటే: ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు కొనండి. ఎవరిది వాళ్ళకి ఒంటికి పట్టినట్టుండాలి. ఎవరైనా భుజాల దగ్గర పట్టి లాగితే కదలకూడదు. చుట్టాల కోసం కొనే వస్తువు కాదది.

కాసేపటికి ఆయనే నోరు విప్పారు. "ఎండ కళ్ళలో పడింది. అందుకే కనబడలేదు."

ఆకాశమంతా మబ్బు. మౌనిక నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అయినా మునగబోయింది జాకెట్ వల్ల. జాకెట్ సరైనదైతే పడి లేచేవాణ్ణి. ఇది తేడా కింద రాదు" అన్నారు. ఆ జాకెట్ కొన్నది నేను. 

చేపల పులుసు

ఆ సాయంత్రం మౌనిక ఫ్రిజ్‌లోంచి, అంతకుముందు వారం పట్టిన రెండు చేపలు తీసింది. వదలకుండా ఇంటికి తెచ్చుకోవచ్చని రూల్ ఉన్నవే. "ఒక్కటన్న తినకుంటే అమ్మకి ఫోన్‌ల ఏం చెప్పాలె ఆంటీ?" అంది. చింతపండు, మెంతులు, కాస్త బెల్లం వేసి మా వైపు పద్ధతిలో పులుసు పెట్టాను. ఆమె వైపు బెల్లం వేయరు. అయినా రెండుసార్లు కలుపుకుంది. బాస్ చేప మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, ముళ్ళు తక్కువ. మన కొర్రమీను రుచి రాదు గానీ పులుసు బాగానే పీల్చుకుంది.

మా ఆయన మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు. మౌనిక ఊరుకోలేదు.

"అంకుల్, నా మీద కోపం చేయకుండ్రి. నేను మీ దగ్గరనే నేర్చుకున్న. నీళ్ళ మీద డౌట్ వస్తే ఒడ్డుకి రావాలె అని మీరే చెప్పిన్రు. మరి మీకు డౌట్ రాలేదా?"

ఆయన కంచం పక్కకి జరిపారు. తర్వాత నా వైపు కాదు, ఆమె వైపు చూసి అన్నారు: "ఆపరేషన్ థియేటర్ వదిలేశాను తల్లీ. కారు వదిలేశాను. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తారు. చర్చిలో మెట్ల దగ్గర పిల్లలు కూడా పట్టుకుంటారు. నీళ్ళ మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రమే నేను పేషెంట్‌ని కాను. అదీ వదిలేయమంటే ఇంక నేనెవర్ని?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఇలాంటి మాట నాతో అనలేదు. మౌనికతో అన్నారని నాకు కష్టంగా ఉంది. అన్నారు కదా అని ఊరటగానూ ఉంది.  నేనూ మౌనికా కంచాలు తీసి కడిగాం.

చివరి ఉదయం

బోల్తా పడ్డప్పుడు ఆయన భుజం పట్టేసింది. పొద్దున్నే ఒడ్డున మడత కుర్చీ వేసుకుని కూర్చుని, "నువ్వు వెళ్ళు సుగుణా. పెడల్‌ది తీసుకెళ్ళు. దాన్ని తొక్కితే తెలుస్తుంది నేను ఎందుకు పట్టుబడుతున్నానో" అన్నారు. మౌనికకి ఆఫీసు మీటింగ్ ఉంది, కారులో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. దూరం వెళ్ళనని మాట ఇచ్చి, ఒంటికి సరిపోయే జాకెట్ వేసుకుని, భుజాలు మౌనికతో లాగించుకుని చూసుకుని, ఆ పసుపు రంగు పెడల్ కయాక్ ఎక్కాను. ఎక్కే ముందు ఆయన మోకాలి లోతు నీళ్ళలో నన్ను పడవ మీంచి రెండుసార్లు కింద పడమని, మళ్ళీ ఎక్కించారు. ముందు పొట్ట మీద పడవ మీదికి జారాలి, తర్వాత తిరిగి కూర్చోవాలి, కాళ్ళు ఆఖరున. కొత్త కయాక్ కొన్నవాళ్ళు మొదటి రోజు చేపల సంగతి వదిలేసి ఇది నేర్చుకోండి.

ఆయన చెప్పింది నిజమే. చేతులు ఖాళీ, చుట్టూ నీళ్ళు, అడిగేవాళ్ళు లేరు. పక్కనుంచి ఒక కొంగ ఎగిరిపోయింది. భయం ఉంది, అయినా ఒడ్డు వైపు తిరిగి చూడాలని వెంటనే అనిపించలేదు. రాళ్ళ ఒడ్డు వెంబడి పచ్చటి ప్లాస్టిక్ పురుగు వేశాను. దారం బరువెక్కింది. అరిచేశాను. ఎలా లాగానో నాకే తెలియదు, చేప వలలోకి వచ్చింది. నా మోచెయ్యంత ఉంది. రెండు చేతులతో పైకెత్తి ఒడ్డు వైపు తిరిగాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. "శభాష్ సుగుణా!" అని ఆ నీళ్ళ మీదుగా నాకు వినబడింది. కానీ ఆయన ముఖం నా వైపు లేదు. కొంచెం దూరంలో, అవతలి వైపు ఇంకో పసుపు కయాక్ ఉంది. ఎవరో అమెరికన్ ఆవిడ, తనూ చేప కోసం వచ్చినట్టుంది. ఎవరో పెద్దాయన చెయ్యి ఊపుతుంటే మర్యాదకి ఆమె కూడా చెయ్యి ఊపుతోంది.

చేపని వదిలేశాను.  మెల్లగా తొక్కుకుంటూ ఒడ్డుకి వచ్చాను. పడవ అడుగు ఇసుకకి తగిలింది. ఆయన ఇంకా అటే చూస్తూ, ఇంకా చెయ్యి ఊపుతున్నారు. ఆయనకి ఎడమ పక్కన, నాలుగడుగుల దూరంలో నిలబడి, "ఏమండీ" అన్నాను.

ఉలిక్కిపడ్డారు. తల తిప్పి నన్ను చూశారు. చూసి, మళ్ళీ సరస్సు వైపు తిరిగారు.

"మరి అక్కడున్నదెవరు?"

"ఎవరో ఆవిడ. మీరు ఊపుతుంటే ఊపుతోంది."

చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత దించేశారు. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నారు. నేను పక్కన ఇసుకలో కూర్చున్నాను. సర్దిచెప్పడానికి నాకు వంద మాటలు వచ్చాయి: దూరం, ఎండ, ఒకే రంగు పడవలు. ఒక్కటీ అనలేదు. ఆయనకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నిన్న అసలు ఎండ లేదు కదా" అన్నారు.

"లేదు."

"రెండు సీట్లదే కొందాం."

వారం రోజులు ఆ మాట కోసమే పోట్లాడాను. విన్నాక గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. ఆయన చేతి మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. నా తల నిమురుతూ, "చేప ఎంతుంది?" అని అడిగారు. చూపించాను. "అబద్ధాలు" అన్నారు.

మౌనిక మీటింగ్ అయ్యాక వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూసింది.  రెండు సీట్ల కయాక్‌ని నీళ్ళలోకి తోసి, ఆయనకి చెయ్యి అందించింది. ఆయన ఆ చేతిని పట్టుకునే ఎక్కారు. ముందు ఆయన, వెనక నేను. కొంత దూరం ఇద్దరం తెడ్డు వేశాం. మోడులున్న పాయ దగ్గరికి రాగానే ఆయన తెడ్డు ఎత్తి ఒడిలో పెట్టుకున్నారు.

"సుగుణా, ఎడమ పక్కన ఏముందో చెప్పు" అన్నారు.

నన్ను ఆయన అలా అడగడం అదే మొదటిసారి. మోడు ఉందండీ, దాని మీద చిన్న తాబేలు కూర్చుని మనల్ని చూస్తోంది, దాని వెనక నీళ్ళు నల్లగా, లోతుగా ఉన్నాయి అని చెప్పాను. ఆయన తల అటు తిప్పలేదు. నేను చెప్పిన చోటికి గాలం వేశారు.